మోతికి పెట్టిన గుడ్డు

మొన్నామధ్య ఒక ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ కూర్చున్నాను. ఇంటి వెనుక నుంచి కోడి అరుపు వినిపించింది. గుడ్డు పెట్టినప్పటి అరుపు వేరు, గద్దను చూసినప్పటి అరుపు వేరు, కుక్క నోట్లో పడినప్పటి అరుపు వేరు. ఈ తేడా తెలిసినవాళ్లు నల్గొండలోని మా కాలనీలో ఎందరున్నారో నాకు తెలియదు. నేను మాత్రం గ్లాసు అక్కడే వదిలి మెట్లు దిగి పరుగెత్తాను.

అప్పటికే పని అయిపోయింది. మా ఇంటి ఓనర్ ఆంటీ వెనుక జాగాలో ముచ్చటపడి నాలుగు నాటుకోళ్లు పెంచుతోంది. అందులో ఒకదాన్ని నోట కరుచుకుని గోధుమరంగు కుక్క గోడ దూకి పోయింది. నీళ్ల డ్రమ్ము చుట్టూ ఈకలు. ఆంటీ మెట్టు మీద కూలబడింది. ఎదురింటి అంకుల్ గేటు దగ్గరే నిలబడి తీర్పు చెప్పేశాడు.

“కూర ముక్కల గింత మందు పెట్టి గోడ పక్కకు పడేస్తే అయిపాయె. మల్ల ఫికరే ఉండదు.”

“మందొద్దు అంకుల్,” అన్నాను నేను, ఎవరూ అడగకముందే. “కుక్కకు కోళ్ల జోలి మాన్పించే ఉపాయం వేరే ఉన్నది.”

అందరూ నా వైపు చూశారు. నోరు జారానని అప్పుడు తెలిసింది. ఆ ఉపాయం నాకు బాగా తెలుసు. నా ఈ చేత్తోనే చేశాను.

నాకింకా జుట్టు నెరవలేదు. దవాఖాన పక్కన ల్యాబులో రక్తం సీసాలకు పేర్లు అంటించే ఉద్యోగం నాది. చిన్ననాటి ముచ్చట్లు చెప్పుకునే వయసేం కాదు. కాని నేను పెరిగిన లోకం నాకంటే ముందే ముసలిదై పోయింది. అందుకని చెప్పక తప్పదు.

మాది హాలియా పోయే దారిలో బస్సు దిగి కొంత నడవాల్సిన ఊరు. ఊరి చివర మగ్గాల వాడ. కొత్త రాష్ట్రం వచ్చిన కొత్తలో, నేను ఆరో తరగతి చదివేటప్పుడు, ఆ వాడలో ఇంకా పది పన్నెండు ఇళ్లలో మగ్గం ఆడేది. బాపు నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. పొద్దు పొడవకముందే వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా పడుగు దారాలు పరిచి, కుంచెతో గంజి పట్టించేవారు. ఉడికిన గంజి వాసన, తడి నూలు వాసన, కింద పేడనీళ్లు చల్లిన మట్టి వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ హోటల్లో ఎవరైనా అన్నం వారుస్తుంటే నాకు మా వీధి గుర్తొస్తుంది.

మా వాడ కుక్కలకు మర్యాద తెలుసు. మనిషి నడుము ఎత్తున పరిచిన పడుగు కింద నుంచి తల వంచుకుని పోయేవి తప్ప దారాన్ని తాకేవి కావు. పని అయ్యాక మిగిలిన గంజిలో మా అవ్వ ఇంత ఉప్పు, ఇంత రాత్రి అన్నం కలిపి గుమ్మం పక్కన ఉన్న రాతి తొట్టిలో పోసేది. “వాడకు కావలి ఉంటున్నయి గద, వాటి కూలి వాటికి ఇయ్యాలె,” అనేది. అమ్మ మాత్రం, “కుక్కలకు పెట్టినంత పావురంగ, పేమగ నాకు పెట్టదు మీ అవ్వ,” అని మాకు వినబడేటట్టే గొణిగేది. అవ్వ కూడా వినబడనట్టే ఉండేది.

అవ్వకు కుక్కల కంటే ముఖ్యమైనవి కోళ్లు. వెనుక జామచెట్టు కింద మట్టితో కట్టిన గూడు, దానికి చెక్క తలుపు. పొద్దున ఆ తలుపు తీసి “బో బో బో” అని జొన్నలు చల్లితే కోళ్లు అవ్వ కాళ్ల మీద నుంచే పరుగెత్తేవి. ఆ ఏడు వాటి మీద మరీ కాపలా పెరిగింది. మా అత్త, అంటే బాపు చెల్లెలు, తొలి కాన్పుకు దసరా తరువాత ఇంటికి రాబోతోంది. బాలింతకు నాటుకోడి పులుసు పోయకపోతే నడుము నిలబడదని అవ్వ నమ్మకం. కొని తెచ్చిన కోడి కుదరదట, ఇంట్లో గింజ తిని పెరిగింది కావాలట. చుట్టాలొచ్చినా, బాపుకు జ్వరమొచ్చినా, ఆ ఏడు కోడి కోయనియ్యలేదు.

“ఒక్క కోడికి ఏమైతదే అవ్వా?” అని బాపు బతిమిలాడితే, “నీకు పురుడొచ్చిన నాడు కోస్త తియ్ కొడకా,” అన్నది.

మచ్చల కోడి ఒకటి పొదుగుకు వచ్చింది. అవ్వ గంపలో బూడిద పోసి, గడ్డి పరిచి, పదకొండు గుడ్లు పెట్టి దాన్ని కూర్చోబెట్టింది. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా పక్కన ఒక బొగ్గు ముక్క, ఒక ఇనుప మేకు పెట్టింది. ఆ పిల్లలు పెరిగేసరికి అత్త చేతిలో బిడ్డ ఉంటుందని వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకునేది.

ఇక నా సంగతి. నాకు గుడ్డులో పచ్చసొన పడేది కాదు. గొంతులో మట్టిలా అతుక్కునేది. బడిలో మధ్యాహ్నం అన్నంతోపాటు వారానికి కొన్ని రోజులు గుడ్డు పెట్టేవారు. పారేస్తే సార్ చూస్తాడు. ఇంటికి తెచ్చి వద్దంటే అవ్వ చంపేస్తుంది. అందుకని కంపాస్ బాక్సులో దాచి తెచ్చేదాన్ని. నా కోణమాని ఏడాదంతా గుడ్డు వాసన కొట్టింది.

ఆ గుడ్డు మోతికి. మోతి మా వాడ కుక్కే, ఎర్ర ఒళ్లు, తెల్ల మూతి. వానాకాలంలో పాడుబడ్డ ఇంటి అరుగు కింద నాలుగు పిల్లల్ని పెట్టింది. పిల్లలు బలిసి, తల్లి పక్కటెముకలు తేలాయి. మొదటిరోజు గుడ్డు కింద పెట్టి దూరంగా నిలబడ్డాను. వారం తిరిగేసరికి నా అరచేతిలోంచే తినడం మొదలుపెట్టింది. పళ్లు తగలనిచ్చేది కాదు, పెదవులతో తీసుకునేది. తిన్నాక నా చెయ్యంతా నాకి, తోక ఊపి, పిల్లల దగ్గరికి పోయేది. బడి నుంచి వచ్చే వేళకు అరుగు మీద కూర్చుని దారి చూసేది. నాకోసం అట్లా ఎదురుచూసిన ప్రాణి అప్పటిదాకా ఇంకొకటి లేదు. నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

దసరా సెలవులొచ్చాయి. సెలవులు నాకు వచ్చాయి కాని మోతి ఆకలికి రాలేదు. ఆ వేళకు అరుగు మీద కూర్చుని నా చేతుల వైపే చూసేది. నేను ఖాళీ చేతులు చూపించి తంగేడుపూలకు పోయేదాన్ని.

నాలుగు రోజులకు మిగతా కోళ్లు గూట్లో పెట్టిన గుడ్లు కనబడకుండా పోయాయి. అవ్వ ముందు ముంగిసను తిట్టింది, తరువాత పామును, తరువాత మా అమ్మను అనుమానించింది. గూటి చుట్టూ తుమ్మకంప పెట్టింది. నాకు మాత్రం మొదటి రోజే మోతి గుర్తొచ్చింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

సద్దుల బతుకమ్మకు నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం, అందరం పూలు పేరుస్తుంటే వెనుక నుంచి అరుపు వచ్చింది. వెళ్లేసరికి గంప బోర్లా పడి ఉంది. గుడ్లు పగిలి, లోపల సగం తయారైన పిల్లలు బూడిదలో పొర్లాడి ఉన్నాయి. గుడ్ల మీద నుంచి లేవనందుకు మచ్చల కోడి మెడ విరిగింది. మోతి మా ముందు నుంచే మూతి నాక్కుంటూ కంప దాటి పోయింది.

అవ్వ ఏడవలేదు. కోడిని ఒళ్లో పెట్టుకుని ఈకలు సర్దుతూ కూర్చుంది. “పారిపోతే బతికేది గదనే, పిచ్చిదానా,” అంది దాంతో. కుక్క కరిచిన కోడిని తినరాదని జామచెట్టు మొదట్లో పూడ్చింది. నేను మట్టి పోశాను.

ఆ సాయంత్రమే పక్కింటి మామ వచ్చాడు. మామ అంటే వరసకు మామ, పత్తి చేను ఉన్న రైతు. గొంతు పెద్దది, మనసు మెత్తనిది, కాని కోపం వస్తే ఆ మనసు కనబడదు. అతనివి రెండు కోళ్లు పోయాయట.

“బావా, గా మోతికి కోడి రుచి తెలిసింది. ఇగ అది ఆగది. మందు పెడ్త,” అన్నాడు బాపుతో.

“పిల్లల తల్లిరా అది. జర ఆగు, గుది కడ్త,” అన్నాడు బాపు.

చేలమీద పడే పశువు మెడకు కర్రమొద్దు కడతారు. నడిస్తే మోకాళ్లకు తగిలి పరుగెత్తలేదు. అదే గుది. మా బాపుకు కర్రమొద్దు ఎక్కడ దొరుకుతుంది? మగ్గం పక్కన పడి ఉన్న పాత నాడె దొరికింది. దారం కండెను పెట్టి పడుగులోంచి అటూ ఇటూ విసిరే నున్నటి చెక్క అది. దానికి తాడు కట్టి మోతి మెడకు వేలాడదీశాడు. అడుగు వేస్తే రాయికి తగిలి టక్కు టక్కుమనేది. “కోళ్లకు దూరం నుంచే తెలుస్తది, ఉరుకుతయి,” అని బాపు మీసం దువ్వుకున్నాడు.

మరునాడు మోతి టక్కు టక్కుమంటూ నడిచి మామ ఇంటి వెనక్కి పోయింది. ఒక్క కోడీ తల ఎత్తలేదు. అవి గుడ్డులో ఉన్నప్పటి నుంచి వింటున్నది నాడె చప్పుడే కదా. మా వాడ కోళ్లకు ఆ చప్పుడంటే ఇల్లు, నీడ, నిద్ర. మూడో కోడి కూడా పోయింది.

“బావా, నీ నాడె సప్పుడుకు నా కోళ్లు జోకొట్టినట్టు పండుకున్నయి,” అన్నాడు మామ. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మామ నవ్వలేదు. “ఇగ నా మాట ఇను. రేపు ఐతారం. అంగడికి పోయి కూర తెస్త. పత్తికి తెచ్చిన మందు ఇంట్లనే ఉన్నది. మాపటికి దాన్ని పడేస్త.”

బాపు మోతి మెడలోంచి నాడె విప్పేశాడు. మూడు కోళ్లు పోయిన మనిషిని ఏమంటాడు?

పొద్దుగూకే వేళ అవ్వ కోళ్లను గూట్లోకి తోలుతుంటే వెనుకే వెళ్లి నిలబడ్డాను.

“అవ్వా, మోతికి గుడ్డు నేనే అలవాటు చేసిన.”

అవ్వ తలుపు గడియ పెట్టి నా వైపు తిరిగింది. “ఎప్పటి సంది?”

“అది ఈనినప్పటి సంది. బళ్ల పెట్టే గుడ్డు తెచ్చి ఏసిన.”

“కింద ఏసినవా, చేతిల నుంచి తింటదా?”

“చేతిల నుంచే.”

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. “చేతిల నుంచే తింటదా,” అని మళ్లీ తనకు తానే అనుకుంది. తరువాత గడియ తీసి, అన్నిట్లోకి బరువైన పెట్టను చంకలో పెట్టుకుని, నా రెక్క పట్టుకుని మామ ఇంటికి నడిచింది.

“తప్పు మా ఇంటిదయ్యా. గుడ్డు రుచి చూపిచ్చింది నా మనుమరాలు. నీ కోళ్లకు నా కోడి. రేపొక్క పూట ఆగు. మాపటికి అది కోళ్ల దిక్కు సూస్తే నీ ఇష్టం.”

మామ నా ముఖం చూశాడు, కోడిని చూశాడు. “గీ కోడి నాకెందుకత్తమ్మా? నీ బిడ్డ పురుటికి పెంచుకుంటివి గద.”

“పెంచుకున్న. ఇస్తున్న.”

“సరె, ఒక్క పూట,” అన్నాడు మామ. అవ్వ కోడిని వాళ్ల గుంజకు కట్టేసి వచ్చింది.

ఆదివారం పొద్దున అవ్వ పొయ్యి మీద గుడ్డు పెట్టింది. చాలాసేపు ఉడికించింది. మోతిని గూటి ముందుకు పిలవమంది. నేను పిలిచాను. తలుపు పక్కనే కూర్చుని తోక నేలకేసి కొట్టింది. అవ్వ మరుగుతున్న నీళ్లలోంచి గుడ్డు తీసి, చన్నీళ్లలో ఒక్క క్షణం ముంచి, చకచకా పెంకు ఒలిచింది.

“ఇగో, పట్టు. పైకి సల్లగ ఉంటది. లోపల నిప్పు. ఆగకుండ పెట్టు.”

ఏం చేయబోతున్నామో అప్పుడు అర్థమైంది.

“నేను పెట్టనవ్వా. నువ్వు పెట్టు.”

“నేను పెడితే వాసన సూసి ఆగుతది. నీ చేతిలదైతే సూడకుండ మింగుతది. గూటి ముందు నోరు కాలితే ఇగ కోడి దిక్కు పోదు. నువ్వే నేర్పినవు, నువ్వే మాన్పియ్యాలె. లేకుంటె మాపటికి మామ పెడ్తడు.”

గుడ్డు నా అరచేతిలో గోరువెచ్చగా ఉంది. మోతి వాసన చూడలేదు. ఎప్పటిలాగే పెదవులతో తీసుకుని, నా ముఖం చూస్తూ కొరికింది.

అది అరిచిన అరుపు కోడి అరుపు కంటే భయంకరం. ఉమ్మేయబోతే సొన నాలుకకు అతుక్కుంది. తల విదిలించింది, నేలకు మూతి రాసింది, వీధిలోకి ఉరికింది. వీధిలో పడుగు పరిచి ఉంది. జన్మలో మొదటిసారి మోతి ఎగిరిపడి ఆ దారాలకు తగిలింది. నాలుగు పోగులు తెగాయి. బాపు వంగి ఆ పోగులు ముడివేసుకున్నాడు.

నేను జామచెట్టు కింద పడి ఏడ్చాను. అవ్వ వచ్చి పక్కన కూర్చుంది.

“ఏడువకు బిడ్డా. నోరు కాలితే నాలుగు పొద్దులల్ల మానుతది. పానం పోతే మానది.”

“మల్ల నా దగ్గరికి వస్తదా?”

అవ్వ అబద్ధం చెప్పే మనిషి కాదు. “రాదు,” అంది.

ఆ సాయంత్రం మామ తన కోళ్లను వదిలి, కర్ర పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. మోతి అటు వచ్చింది. ఒక కోడి దాని ముందు నుంచే గింజలు ఏరుకుంటూ పోయింది. మోతి తల పక్కకు తిప్పుకుని, గోడ వారగా, దొంగలా నడిచి పోయింది. మందు పెట్టాలని తెచ్చిన మాంసం మామ వాళ్లింట్లో వండుకున్నారు. ఒక గిన్నె మాకూ వచ్చింది. నేను ముట్టుకోలేదు.

అత్త వచ్చింది, ఆడపిల్లను కన్నది. పురుడైన రోజు మామ మా గుమ్మంలో నిలబడ్డాడు. చంకలో అవ్వ ఇచ్చిన పెట్ట ఉంది. “బాలింత సొమ్ము నాకు అరగదు అత్తమ్మా,” అన్నాడు. మిరియాలు, ఎల్లిపాయ వేసి కాచిన పులుసు వాసన ఇంటినిండా నెలరోజులు ఉంది. అవ్వ ప్రతిసారీ ఒక గరిటె పులుసు గంజిలో కలిపి తొట్టిలో పోసేది. “అది గూడ బాలింతనేనాయె,” అనేది. మోతి వచ్చి తాగేది. నేను చెయ్యి చాపితే మాత్రం వెనక్కి జరిగేది. మొరగలేదు, పళ్లు చూపలేదు. ఉత్తగా వెనక్కి జరిగేది. కరిచి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు.

తరువాత మూడు నాలుగేళ్లలో ఆ వాడ కరిగిపోయింది. నల్లా పైపుల కోసం వీధి తవ్వారు, దాని మీద సిమెంటు పోశారు. పడుగు పరవడానికి గుంజలు పాతే జాగా లేకుండా పోయింది. ఒక్కొక్క ఇంట్లో మగ్గం ఆగింది. అవ్వ పోయింది. బాపు నల్గొండలో బట్టల దుకాణంలో చేరాడు. ఇతరులు నేసిన చీరలు విప్పి చూపించి, మళ్లీ మడతపెట్టడం అతని పని. ఇప్పటికీ చీర విప్పగానే ముందు అంచును వేళ్లతో నలిపి చూస్తాడట. ఓనరు నవ్వుతాడట.

ఊరు వదిలిన రోజు ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించాక, నేను చివరిసారి అన్నం ముద్ద చేసుకుని తొట్టి దగ్గరికి వెళ్లాను. మోతి ముసలిదైంది, మూతి తెలుపు కళ్ల దాకా పాకింది. చెయ్యి చాపాను. మూరెడు దూరంలో ఆగి కూర్చుంది. ముద్దను నేల మీద పెట్టాను. అప్పుడూ కదల్లేదు. నేను రెండడుగులు వెనక్కి వేశాక వచ్చి తిన్నది.

ఆ ఆదివారం ఈ కథంతా ఆంటీకి చెప్పలేదు. ఉపాయం మాత్రం చెప్పాను. ఆంటీ వెంటనే గుడ్డు ఉడికించి, చన్నీళ్లలో ముంచి, ఒలిచి ఎదురింటి అంకుల్ చేతిలో పెట్టింది. గోధుమరంగు కుక్క సందు చివర ఖాళీ ప్లాటులో పడుకుని ఉంది. అంకుల్ “చూ చూ” అంటూ పది అడుగులు వేశాడో లేదో, లేచి పారిపోయింది. ఆంటీ ప్రయత్నించింది. పాలబ్బాయి ప్రయత్నించాడు. ఎవరి చెయ్యి లేచినా ఆ కుక్కకు అది రాయి విసిరే చెయ్యే. కాలనీలో ఇన్ని ఇళ్లుంటే దానికి ఒక్క ముద్ద పెట్టినవాళ్లు లేరు.

గుడ్డు చల్లారిపోయింది. మందు సంగతి నెల రోజులు ఎత్తనని ఆంటీ మాటిచ్చింది. అంకుల్‌ను తాను చూసుకుంటానంది. కోళ్ల గూటికి ఇనుప జాలీ కొట్టించింది.

ఆనాటి నుంచి నేను ల్యాబుకు పోయేముందు ఖాళీ ప్లాటులో ఇంత గంజి అన్నం పెడుతున్నాను. గుడ్డు మాత్రం పెట్టను, ఆ తప్పు ఒక్కసారి చాలు. పెట్టి, రెండడుగులు వెనక్కి వేస్తాను. మొదట గోడ అవతల నుంచి చూసింది. ఇప్పుడు నేనుండగానే వచ్చి తింటోంది. నిన్న నా చేతి దాకా మూతి తెచ్చి ఆగింది.

ఆంటీ డాబా పైనుంచి చూస్తూనే ఉంది. “మంచిగ మాలిమైంది బిడ్డా. రేపు నీ చేతిల నుంచి తింటది. గుడ్డు ఉడకబెట్టమంటవా?”

రేపు చెప్తానన్నాను. అవ్వ ఉంటే ఏం చేయాలో ఆమెకు తెలిసేది. నేను మాత్రం ఈ పొద్దున కూడా అన్నం నేల మీదనే పెట్టి, అది దగ్గరికి వస్తుంటే, నేనే వెనక్కి జరిగాను.